ఊర్కెర్ నేలలో ఉన్న రాత్రులు

కళ్ళజోడు ఆ ఉదయమే గుర్రప్పిల్ల తొక్కేసింది.
ఎవరికీ చెప్పలేదు.
పన్నెండేళ్ళదాన్ని, పట్నంలో చదువుతున్నదాన్ని,
సెలవులకని కొండమీది పచ్చికకు పంపినదాన్ని.
మా నానమ్మ కలంపిర్ గుడారం బయట కంబళి పరిచి
"మెడ విరిగేలా ఎందుకు చూస్తావు? పడుకో.
ఆకాశం కింద వెల్లకిలా ఉండాలి" అంది.

జూన్ నెల. అయినా కజక్ కొండల చలి
కంబళి అంచులోంచి వేళ్ళు పెడుతోంది.
పులిసిన గుర్రప్పాల తోలుసంచి వాసన,
ఎక్కడో చీకట్లో ముక్కు చీదుతున్న ఆడగుర్రం.

ముందు ఇనుప గుంజ.
అన్నీ తిరుగుతాయి, అదొక్కటీ తిరగదు.
దానికి కట్టిన గుర్రాలు రెండు,
ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది.
వాటిని కాజేద్దామని ఏడుగురు దొంగలు
లోకం పుట్టిన దగ్గర్నుంచీ చుట్టూ తిరుగుతున్నారు.
"ఇంతవరకూ చిక్కలేదా?"
"ముడి గట్టిది" అంది నానమ్మ,
ఆ ముడి తనే వేసినట్టు.

నాకు కనబడేదల్లా
జల్లెడ దులిపితే లేచిన పిండి.
అందులో దొంగలెవరో దొరలెవరో!
ఆమె చెయ్యి చాపింది, నేను చేతినే చూశాను.
పితికి పితికి వంకరపోయిన చూపుడువేలు
చూపదలచిన చోటుకు కాస్త ఎడమగా పోతుంది.

పక్షుల దారి మాత్రం నాకూ దొరికింది.
పొగను పొగలా చూడ్డానికి కళ్ళజోడెందుకు?
బాతులు దాన్ని పట్టుకునే దక్షిణానికి పోతాయట.
ఆ దక్షిణాన, కొండ అంచున,
ఎవరో ఆర్పకుండా వదిలేసిన నిప్పుకణిక.
"దాని పేరు?"
"మా నాన్న చెప్పలేదు. నేనడగలేదు."

నడిరాత్రి దాటాక తూర్పున ఒకటి లేచింది,
రెప్ప వెయ్యకుండా, దీపమంత.
"షోల్పాన్! వేగుచుక్క!" అని లేచి కూర్చున్నాను.
నానమ్మ నవ్విన నవ్వుకు గుర్రం ఉలిక్కిపడింది.
"అది గాడిదల్ని చంపినది.
ఒక బిడారువాళ్ళు నీలాగే తెల్లారుతోందనుకుని
మంచులో బయల్దేరారు.
ఎంత నడిచినా తెల్లారదే!
గాడిద ఒక్కటీ మిగల్లేదు.
తెల్లనివన్నీ పాలు కావే, పిల్లా."

తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది.
"దొంగల్లో చివరినుంచి రెండోవాడి పక్కన
చిన్నది ఒకతి ఉందా?"

ఉల్పిల్దెక్. ఊర్కెర్ కూతురు. ఎత్తుకుపోయారు.
పిల్లలకోడిలా గుమిగూడి ఉండే ఊర్కెర్
చలికాలమంతా కూతురి కోసం వెతికి వెతికి
వేసవి మొదట్లో నేలలోకి దిగిపోతుంది, నలభై రోజులు.
అది లోపలుంటేనే గడ్డి లేస్తుందంటూ
నానమ్మ అరచేత్తో నేలను తడిమింది,
నిద్రపోతున్న పశువును తడిమినట్టు.

"ఉంది" అన్నాను. "వాడి పక్కనే. చిన్నగా."

చాలాసేపు ఏమీ అనలేదు.
"నేనూ మా నానమ్మతో అలాగే అన్నాను.
నా కళ్ళు అప్పుడే అంతంతమాత్రం.
ఇప్పుడైతే గుంజ కూడా లేదు.
గుర్తున్నది చెబుతున్నాను, అంతే."

అంటే ఆ రాత్రి ఆ కంబళిమీద
ఆకాశాన్ని చూసినవాళ్ళెవరూ లేరు.
దొంగలు మాత్రం గుంజ చుట్టూ
ఇంకో పావువంతు తిరిగే ఉంటారు.

ఎన్నాళ్ళకో, పిల్లల్ని తల్లుల దగ్గరికి వదలడానికి
చీకటితోనే లేచాను.
తూర్పు కొండమీద, ఇక పొద్దు ముట్టుకుంటుందనే చోట,
అద్దానికి ఊపిరి తగిలినంత మచ్చ.
కళ్ళు నులుముకున్నాను, పోలేదు.
పరిగెత్తి నానమ్మను కుదిపాను.
"లేచింది! నేలలోంచి లేచింది!"

తలగుడ్డ సర్దుకుని, తూర్పుకు కాదు,
నా గొంతు వైపు తిరిగింది.
"నలభై అయ్యాయా?"
లెక్కపెట్టలేదన్నాను.
"అయితే గడ్డి చూసి చెప్పు" అంది.

చూశాను.
మోకాళ్ళదాకా తడిసిపోయి ఉన్నాను.