రసమట్టం

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా ఆరు,
టైర్ల దుకాణం ఎనుక మా వర్క్‌షాపు.
బొమ్మలు చుట్టలు చుట్టలుగ దిగుతయి కంటైనర్ల.
అండ్ల చెట్టుండది, మనిషుండడు, దేవుడుండడు.
ఒక ఎర్ర గుండ్రం, దాన్ని గుద్దుకున్న నల్ల గీత,
ఎటు పోవాల్నో తెల్వక
బస్టాండుల నిలబడ్డట్టు ఒక పసుపు ముక్కోణం.

నా పని నలభై అయిదు డిగ్రీలు.
మూల మీద మూల కూసుంటే
నడుమ వెంట్రుక పట్టొద్దు.
పట్టిందనుకో, బిజు సారు గోరుతోని గీకి చూపిస్తడు.
ఏమనడు.
గా గోరే చాలు.

ఎనుక అట్ట మీద బాణం గుర్తుంటది, ఇటు పైకి అని.
ఒక్కోసారి ఉండది.
అప్పుడు పైకి ఎటో నేనే చెప్త.
ఎన్ని సోఫాల మీద, ఎన్ని డైనింగు బల్లల ఎదురుంగ
నేను పైకి అన్నదే పైకి!
పుట్టినకాడ నా మాటకు గింత ఇలువ లేకుండె.

మొన్న అల్ నహ్దాల, పదహారో అంతస్తు.
యాసిన్ నిచ్చెన పట్టిండు, నేను రసమట్టం.
చిన్న గాజు గొట్టం, పచ్చటి నీళ్లు,
అండ్ల చిటికెడు గాలి.
ఆ గాలి నడిమికి రావాలె, అంతే.
దానికి అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు,
మొకమాటం అసలే రాదు.

హనాన్ మేడం తొమ్మిది ఫ్రేములు తీసుకున్నది,
మూడు వరుసలు, నడుమ రెండు వేళ్ల సందు.
గోడ నిండినంక చాన సేపు చూసి అడిగింది:
నీకేం కనవడ్తున్నది ఇండ్ల?
పదకొండేండ్లల్ల ఎవరూ అడుగలే.
‘గుడ్ మేడం’ అన్న.
నవ్వింది. ఏలకులేసిన చాయ పోసింది.
లిఫ్టుల దిగుతాంటే
ఒక్కో అంతస్తుకు ఒక్కో జవాబు తోచింది.
కింద తలుపు తెరుచుకున్నది, వేడి గాలి మొకం మీద కొట్టింది,
ఒక్కటీ మిగలలే.

గా వారమే ఒకటి తప్పు అచ్చయి వచ్చింది.
పసుపు గీత దాటి బయటికి కారింది,
ఎర్ర గుండ్రానికి ఇంకో ఎర్ర గుండ్రం తగులుకున్నది,
అద్దాలు మర్చిపోయినోనికి సిగ్నలు లైటు కనవడ్డట్టు.
పారెయ్యమన్నడు బిజు సారు.
పారెయ్యలే.
కోతల మిగిలిన ముక్కలు ఏరుకున్న.
ఒక పక్క బంగారు రంగు, ఒక పక్క నలుపు,
ఒకటి అక్రోటు, ఆఖరుది తెలుపు.
నాలుగు పెండ్లిండ్లకు నాలుగు దిక్కుల నుంచొచ్చిన చుట్టాల లెక్క
ఒక్క బొమ్మ చుట్టూ కూసున్నయి.

క్యాంపు రూముల మొలలు కొట్టొద్దని రూలు.
టేపుతోని అతికించిన, నా మంచం పక్క.
పోశాలు చూసి, గిది భూమి నక్ష అన్నడు,
గీ నల్లది బాట, లొల్లంత బాట మీదనే.
వాని కేసు ఇంక జగిత్యాల కోర్టుల నడుస్తనే ఉన్నది.
షఫీకుల్ నది అన్నడు.
ఏడున్నదిరా నది, అంటే
పసుపు కారిన కాడ వేలు పెట్టిండు:
ఒడ్డు గిట్లనే పోయింది, మా వంటిల్లుతోని.
కొమురెల్లి పండ్లు తోముకుంట, తోముకుంట ఆగి,
ఏం లేదు. బొమ్మనే. మంచిగున్నది, అన్నడు.
నాకు వాని మాట కడుపుల చల్లగనిపించింది.

రాత్రి పండుకొని చూస్తే
వంకరుంది.
లేసి రసమట్టం పెట్టిన.
బుడగ సరిగ్గ నడుమ.
టేపు పీకి మళ్ల అతికించుడెందుకని
ఊరికనే మంచం పట్టె మీద పెట్టి చూసిన.
బుడగ ఉరికింది ఒక కొసకు,
డ్యూటీ బస్సు తప్పిపోతున్నట్టు.

ఆరేండ్లాయె గీ మంచానికచ్చి.
ఆరేండ్లు తలాపు దిగువకు పెట్టే పండుకున్ననా?
కలలన్ని అటే జారినయా, తలుపు దిక్కు?

తెల్లారకముందే
బంగారు రంగు ముక్క ఒకటి, నలభై అయిదు డిగ్రీలు కోసింది,
మంచం కాలు కింద పెట్టి చెప్పుతోని కొట్టిన.
కింది బెర్తుల పోశాలు లేసి
ఏందిరా చప్పుడు అన్నడు.
పండుకో, ఏం లేదన్న.

బుడగ కొంచెం కదిలింది.
ఇంకో ముక్క కావాలె.