బస్తా ముడి

మూడేళ్ల కిందట
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చిన రాత్రి
బస్తా మూతి కట్టడం రాక
ఇసకంతా నా కాళ్లమీద పోసింది నూకరత్నం.
"ఇంటికి పో పిల్లా" అన్నాను.
పోలేదు.
తెల్లారేదాకా టార్చి పట్టుకుని నిలబడింది,
పిక్కలకి జలగలు పట్టినా.

మరుసటేడు నాటుపడవలో పులిహోర పొట్లాలు.
పొట్లం కంటే ముందు పేరు అడిగేది.
ఏ ఇంట్లో బాలింత, ఎవరికి చెవుడు,
అన్నీ తడిసిన నోటుబుక్కులో.
జనాభా లెక్కలామె వచ్చిందని లంకంతా నవ్వింది.

ఈ శ్రావణంలో
గట్టు అడుగున ఎండ్రకాయ బొక్కలోంచి
ఎర్రనీళ్లు బుగబుగమన్నాయి.
పెద్దమనుషులు ఫోన్లెత్తి సిగ్నల్ వెతుకుతున్నారు.
ముప్పయ్యేళ్ల లస్కర్ని,
ఈ గట్టు నాకు అరచెయ్యంత తెలుసు.
అయినా తల తిరిగింది ఆ పిల్ల వైపే.
"ఏం చేద్దామమ్మా?"

గొంతు పెంచలేదు.
"బుల్లబ్బాయి బాబాయ్, సూరాయమ్మగారికి వినపడదు,
మంచంతో సహా లేపుకొచ్చేయండి.
మీరు బస్తాలు చూడండి."
కదిలాం.

నా పక్కనెవరో కుర్రాడు,
ముడి జారి
ఇసకంతా నా కాళ్లమీదే.
ఈసారి పొమ్మనలేదు.
టార్చి చేతికిచ్చాను.