నాలుగు అంకె

ఆదివారం పన్నెండూ ఇరవై బండి.
గుమ్మిడిపూండిలోనే ఎక్కితే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది గానీ
కిటికీ కమ్మి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది.
కత్తెర ఎండలు మొదలై ఆరోరోజు.
అత్త తడి తువ్వాలు నెత్తిన వేసుకుని
నీళ్ళు తెచ్చావా, జామకాయలు తెచ్చావా అని అడిగి
మూడోది అడగడం మరిచిపోయింది.
టిక్కెట్లు.
అవీ తెచ్చాను.

పొన్నేరి. మీంజూరు.
అత్తిపట్టు దాటాక గాలికి బూడిద వాసన.
ఎదుటి సీటాయన అరవంలో అడిగాడు, ఎవరింట్లో పెళ్ళని.
అత్త తెలుగులోనే చెప్పింది: "ఆట."
ఆయనకి అర్థమైంది.
అయినా ఎందుకో మా ఇద్దరి కాళ్ళవంక చూశాడు.

ఏడాదంతా పేటకొక జట్టు.
వ్యాసర్పాడి వాళ్ళంటే తండయార్‌పేట వాళ్ళకి పడదు,
కొరుక్కుపేట కుర్రాళ్ళంటే ఆ ఇద్దరికీ పడదు.
వేసవిలో ఈ ఒక్క ఆదివారం మాత్రం
జట్టుకి ఇద్దర్నో ముగ్గుర్నో ఏరి
ఉత్తరం ఒక పక్షం, దక్షిణం ఒక పక్షం.

ఉత్తరం చొక్కాలు కుట్టింది మా షెడ్డులో.
పదహారు. వంకాయ రంగు.
వీపున అంకెలు అతికించి చుట్టూ కుట్టు వేసింది నేను.
సున్నా సుఖం, ఎనిమిది ఇంకా సుఖం,
మెషిను దానంతటదే తిరిగొస్తుంది.
నాలుగుకే మూలలెక్కువ.
శుక్రవారం రాత్రి కరెంటు పోయింది.
మిగిలిన ఒక్క మూల సెల్‌ఫోను వెలుగులో
చేత్తో నాలుగు పోగులు వేసి వదిలేశాను.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అత్తకి ఎడమకంట్లో పొర.
సాయంత్రమైతే కుడికన్నూ సెలవడుగుతుంది.
బంతి ఆనదు. మనుషులు రంగులుగా కదులుతారట.
నేను చెప్పాలి, ఆమె చూడాలి,
అదీ మా ఇద్దరి ఒప్పందం.

"ఎవడి దగ్గరుంది?"
పెంచలయ్య దగ్గర.
"పోయినేడు మన డెన్నిసు మోకాలు వాయగొట్టినోడా?"
వాడే. ఇప్పుడు డెన్నిసుకే ఇచ్చాడు.
అత్త కాసేపు మాట్లాడలేదు.
పదకొండు నెలలు తిట్టిన నోరు
దారి మళ్ళడానికి కొంచెం టైము పడుతుంది కదా.
తర్వాత చిన్నగా, "బాగా ఇచ్చాడా?"
బాగా ఇచ్చాడత్తా.
నిద్రపోయే బిడ్డని చేతులు మార్చినట్టు.

రెండో సగంలో చూశాను.
పెంచలయ్య వీపున నాలుగు అంకె లేచింది.
అదే మూల.
వాడు పరిగెత్తినప్పుడల్లా కోడిరెక్కలా కొట్టుకుంటోంది.
గ్రౌండు చుట్టూ అంతమంది బంతిని చూస్తున్నారు,
నేనొక్కదాన్నే పోగులు చూస్తున్నాను.
జాకెట్టుకి గుచ్చిన సూది ఉంది,
సంచీలో వంకాయ రంగు దారం ఉంది,
మధ్యలో నడుమెత్తు కంచె ఉంది.
అయిదు నిమిషాలు. ఆటాపితే అయిదు నిమిషాల పని.

జనం ఒక్కసారి హోరుమన్నారు.
"చెప్పవేం?" అత్త మోచేత్తో పొడిచింది.
దక్షిణం గోలు కొట్టేసింది. నేను చూడలేదు.
ఏం చేయను, కల్పించాను:
కుడివైపు నుంచి వచ్చిందత్తా,
పొడుగాటివాడొకడు ఎగిరి తలతో కొట్టాడు.
అత్త తువ్వాలు తీసి పిండుకుంది.
"తలతో కొడితే ఆ చప్పుడు రాదే," అంది.

అంతే, ఇంకేం జరగలేదు. ఒకటి సున్నా.
పెంచలయ్య, డెన్నిసు ఒకే బాటిలు నీళ్ళు
ఒకడి నెత్తిన ఒకడు పోసుకుని
చెరో దోవన వెళ్ళిపోయారు.
రేపట్నుంచి మళ్ళీ మాటలుండవు.

తిరుగుబండిలో నిజం చెప్పేశాను,
కరెంటు సంగతీ, మూల సంగతీ, గోలు సంగతీ.
అత్త జామకాయ గింజ పంటికింద తిప్పుకుంటూ
"వచ్చేయేడు నాలుగు ముందు కుట్టు," అంది.
తర్వాత, "మొదట్నుంచి చెప్పు."
చెప్పడం మొదలెట్టాను. ఆమె సవరించడం మొదలెట్టింది.
అత్తిపట్టులో ఒకటి సున్నా.
మీంజూరు దగ్గర పెంచలయ్య అందించాడు, డెన్నిసు వేశాడు,
ఒకటి ఒకటి.
పొన్నేరి రాకముందే అత్త నిద్రపోయింది.
లేకపోతే గెలిచేవాళ్ళమే.