ఆరున్నర దినార్ల గ్లాసు

జుఫేర్ల ఇరవై మూడో అంతస్తు మీద
నా కొలువు గ్లాసులు కడుగుడు.
తాగినోళ్ల మొకాలు నాకు తెల్వయి.
అంచులకు అంటిన పెదవి రంగులు తెలుసు,
అడుగున మిగిలిన గుక్కల వాసన తెలుసు.
గట్ల ముక్కుతోనే
మెనూ మొత్తం నేర్చుకున్న.

అండ్ల ఒకటున్నది.
చింతపండు, ఖర్జూరం పాకం, ఎండిన నల్లనిమ్మ,
నలిపిన పుదీన, తెల్లసొన నురుగు, మీద ఇంత పొగ.
జిన్ను సంగతి సరే.
ఆరున్నర దినార్లు.
నా దినమున్నర కూలి
పొడుగు కాలు గ్లాసుల నిలబడి
అద్దం అవతలి సముద్రాన్ని చూస్తుంటది.

"గది మాకు చేసి పెట్టరాదు?" అన్నడు లస్మాగౌడు
శుక్రారం పొద్దుగాల, గుదైబియా గదిల, లుంగి మడుసుకుంట.
ఊర్ల తాళ్లెక్కినోడు, ఇక్కడ పరంజాలెక్కుతడు.
ఇన్ని ఖర్జూరపు చెట్లుండి
ఒక్కదానికన్న లొట్టి కట్టని దేశమేందని
వచ్చిన్నాటి సంది వానికి కోపం.

కంపిని గది, మందు బందు.
సూపర్వైజరు ముక్కు నా ముక్కు కన్న పొడుగు.
"జిన్ను లేకుండ చేస్త" అన్న.
"అంటె పచ్చిపులుసు" అన్నడు ఖాజామియా
చాప మీంచి లేవకుండనే.

దగ్గుమందు మూత నా కొలత.
పుదీనకు పప్పుగుత్తి.
షేకరు లేదు, హార్లిక్స్ సీసా ఉన్నది,
మూత కారుతది, మోచేతి దాక పాకం.
తెల్లసొన నాకు, పచ్చసొన తెల్లారి కూరకు,
ఒప్పందమైనంకనే అబ్బులు గుడ్లు తీసిండు.
పొగకు ఊదుబత్తి.
కప్పుకున్న అలారానికి
దేవరాజం సాక్సు ముందుగాలనే తొడిగినం.

ఇగ ఐసు.
పైన మేం ఐసును రంపంతోటి కోస్తం,
చేతులకు తొడుగులేసుకొని,
అవతలి మనిషి కనవడేంత తేటగ.
గదిల పద్నాలుగు మందికి ఒక్కటే ఫ్రీజరు.
ట్రే మీద అబ్బులు షేరి చేప పండుకుంటది.
ఐసు చూస్తే ఐసే,
ముక్కు కాడికి తెస్తే షేరి.

స్టీలు గ్లాసులు అయిదే ఉన్నయి.
ఆరోది గడ్డం గీసుకునే మగ్గు, అది నాకు.
మేం బయట తాగొచ్చిన రాత్రులు
తలుపుకాడ చెప్పులు సర్దిపెట్టే ఖాజామియా
మొదటిసారి మా వరుసల కూసున్నడు,
"చీర్స్" అనుడు వానికే గట్టిగొచ్చింది.

లస్మాగౌడు కండ్లు మూసిండు.
కల్లు నాలికకు తగిలితె
ఏ చెట్టుదో, ఏ పూటదో,
లొట్టి కడిగినోడు కడిగిండో లేదో చెప్పే మనిషి.
అందరం ఆగినం. ఏసీ ఒక్కటే గురక పెడుతున్నది.
"నల్లనిమ్మ ఎక్కువైంది" అన్నడు.
"పాకం ఇంకింత పడాలె."
మళ్ల ఓ గుక్క.
"ఈ చేపను మాత్రం ముట్టకు."

ఏడు శుక్రారాలయింది.
నిమ్మ తగ్గించిన, పాకం పెంచిన,
ఊదుబత్తి మల్లె నుంచి చందనానికి మారింది.
అబ్బులు షేరి అయిపోతె
ఎవ్వలు చెప్పకున్న ఇంకోటి తెస్తున్నడు.

నిన్న రాత్రి బారు మూసినంక
దిల్ బహదూర్ నన్ను పిలిసి
చెంచా వెనుక ఒక్క చుక్క పట్టుకొచ్చిండు.
అసలుది. ఆరున్నరది. కొలత తప్పనిది.
నాలిక మీద పెట్టుకున్న.
సల్లగున్నది, తేటగున్నది,
ఇంకా ఎవ్వరూ దిగని
కొత్త బిల్డింగు లెక్క ఉన్నది.

"కైసా హై?" అన్నడు.
మస్తుగున్నదన్న.
ఏదో తక్కువైందని నోటిదాక వచ్చింది గని
మింగిన.
చెప్తె, వాళ్ల ఫ్రీజర్ల
చేప పెట్టుమనాలె గద.