ఆఖరి గడి

రాజోలు కోర్టులో సగం మేర వడ్లు ఆరబోశారు.
మిగతా సగంలో కెజియా.

ఎత్తు: ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ.
ఎడమచెయ్యి: ఆటలోకి చుట్టపుచూపుగా వస్తోంది.
దూరం షాట్లు: పదికి మూడు.
మూడో క్వార్టర్‌కే ఆయాసం.
రాశాను, గళ్ళున్నాయి కాబట్టి.

బంతి రింగుకి తగలకముందే
పడేచోటికి నడిచి వెళ్ళిపోతుంది,
పరిగెత్తదు.
దింపుతీసే నాన్న కింద కాయలేరిన పిల్లట.
తప్పుకోవడం ముందు నేర్చుకుంది.
దీనికి గడి లేదు.

ఓసారి బంతి వడ్లలోకి దొర్లింది.
గడియారం నడుస్తుండగానే
బూట్లు విప్పి వెళ్ళింది.
కోచ్ తల పట్టుకున్నాడు.

‘ప్రొఫెషనల్‌గా పనికొస్తుందా?’
నా ఫారంలో ఇదే గడిలో
తొంభైనాలుగులో ఒకాయన ‘రాదు’ అని రాశాడు.

సరిగ్గానే రాశాడు.

పెన్ను మూత వెతుక్కుంటున్నాను.
ఇంకో క్వార్టర్ ఉంది.