ఏడింటి లోపు

డాక్టరమ్మ చీటీలో మందులు రెండే.
మిగతా కాయితం నిండా తిండి:
మాంసకృత్తులు పెంచాలి, నూనెలో వేపింది వద్దు,
పాలిష్ బియ్యం మానాలి,
రాత్రి భోజనం ఏడింటి లోపు.

శ్రీకాకుళం నుంచి తిరిగొచ్చే బస్సులో
తవిటమ్మ ఆ చీటీని మడిచి మడిచి
టిక్కెట్టంత చేసింది.
పాతికేళ్లుగా కండక్టర్ని.
మడిచిన టిక్కెట్టు పారెయ్యడానికా, దాచుకోడానికా
వేళ్లు చూసి చెప్పగలను.
ఆవిడవి జీడిపిక్కల వేళ్లు,
గోళ్ల చుట్టూ నలుపు. చదవలేకపోయాను.

ఆర్నెల్లుగా ఇదే.
అర్ధరాత్రి దుప్పటి తన్నేసి
మేడ మెట్ల మీద కూర్చుంటుంది.
"ఒంట్లో ఎవులో పొయ్యెలిగించీసినట్టుందయ్యా."
అంతలోనే చలి. అంతలోనే, ఏమీ లేనిదానికి, ఏడుపు.
హార్మోన్లన్న మాట నోరు తిరక్క
"హారుమోనీలు" అంటుంది.
మా ఊరి భాగోతుల పెట్టె గుర్తొచ్చింది నాకు,
తిత్తి చిరిగినా తెల్లార్లూ వాయించేవారు.

ఆదివారం నాకు సెలవు.
సంతలో ఒకామె పెట్టని కాళ్లట్టుకుని చూపించింది:
"గుడ్లెట్టడం మానీసింది బాబూ, అందుకే అమ్మీస్తన్నాను."
పక్కన మా ఆవిడ లేదు, నయం.
ముదురు పెట్ట కాలదు, ఉడకాలి అని చెప్పి
లేత పుంజుని తీసుకున్నాను.
అది వంట మాటే.
మిగతా సగం మాట సంతలోనే దింపేశాను.

నాకు వంట రాదు, చిల్లర లెక్క వచ్చు.
గిన్నెడు పెరుగు, అరచెంచా పసుపు,
పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, దంచిన మిరియాలు,
ఆవపొడి, ఒకటిన్నర నిమ్మకాయ.
మిగిలిన అర ఎవరికి బాకీయో
టిక్కెట్టు వెనక రాసుకోవాలి.

కోడికి గాట్లు పెట్టి, ముద్ద పట్టించి, మూడు గంటలాగి
పెరట్లో ఇసక పోసిన మూకుడులో కుండ దించాను.
కింద కొబ్బరి డొక్కల నిప్పు, మూత మీదా నిప్పు.
"జీడితొక్క మాత్రం ఎయ్యకు,
ఆ పొగ ఇన్నేళ్లు తిన్నదాన్ని, నాకు తెల్దా!"
లోపల్నుంచి అరిచింది.
ఇటు రాకు, నీ పొయ్యి నీకుంది కదా అన్నాను.
నవ్వింది. చాన్నాళ్లకి.

ఇక బియ్యం.
మిల్లువాడు నన్ను ఎగాదిగా చూశాడు:
"తవుడు తియ్యకుండానా? తవుడు గేదెలక్కదండీ?"

ఆవిడకి ముందు పుట్టినవాళ్లు ముగ్గురు పోయారు.
నాలుగోదాన్ని చేటలో పెట్టి పొరుగామెకిచ్చేసి
గుప్పెడు తవుడికి తిరిగి కొనుక్కున్నారు.
ఆ పేరు విని పంతులు నవ్వాడని
బడే మానేసింది.

ఎర్రటి అన్నం కంచంలో పెడుతూ
డాక్టరమ్మ మాట చెప్పాను,
బలమంతా తవుట్లోనే ఉందట.
ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపింది,
గుండో బద్దో తేల్చే అలవాటు కొద్దీ.
"అయితే నన్ను మరీ చవగ్గా కొట్టీసారన్నమాట."

కోడి ఒక పక్క మాడింది. రెండో పక్క పర్లేదు.
తొడ చీల్చి ఆవిడకి వేశాను.
గోడ గడియారం ఏడూ ఇరవై.
లేటయిపోయింది అన్నాను.
"పలాస బస్సు ఎప్పుడు టయానికొచ్చింది గనక"
అంటూ ఎముక కొరికింది.