సుంకరి ముందు

నా పని గాజు అతకడం.
వెంట్రుక కంటే సన్నం.
లింగరాజపురం ఫ్లైఓవర్ కింద
స్కూటర్ సీటు మీద మిషన్ పెట్టుకుని
రెండు కొసలూ ఎదురెదురు చేసి మీట నొక్కితే
చిన్న మెరుపు. అతుక్కున్నట్టు లెక్క.
లోపల వెలుతురు పోతుందంట, నేను చూళ్లేదు.
చూస్తే కళ్లు పోతాయని ట్రైనింగులో చెప్పినారు.

ఎవరి మాట మోస్తోందో గాజుకు తెలీదు.
పన్నెండేళ్లుగా నాకూ తెలీదు.
కార్పొరేషనోళ్లు ఎప్పుడు కోసేస్తారో తెలీని తీగలు,
కానుగ కొమ్మల మీద ఉండలు చుట్టుకుని,
వాటిల్లోంచి
ఆసుపత్రి బిల్లూ, పూలంగడి లెక్కా,
ఎవరిదో పెళ్లిచూపుల వీడియో,
అన్నీ ఒకే పరుగు.
మడకశిర బస్సులో అయినా ముందు సీటుకు తువ్వాలేస్తారు గానీ
ఇక్కడ అది లేదు కదా అనుకునేవాణ్ణి.
కొంచెం గర్వంగానే అనుకునేవాణ్ణి.

మొన్న బుధవారం ఒక కంప్లయింటు.
ఫిలోమినా, మూడో అంతస్తు, నెట్ స్లో.
బెల్లు నొక్కితే మోగలేదు.
లోపల బల్బు వెలిగి ఆరింది, వెలిగి ఆరింది.
తలుపు తీసినామె నోటుబుక్కు చూపించింది:
చేతులు ఆగిపోతున్నాయి.

ఎవరి చేతులు?
ఫోన్ నా ముందుకు తిప్పింది.
హుబ్బళ్లిలో ఆమె తమ్ముడు. ఇద్దరికీ వినపడదు,
ఇద్దరికీ చేతులే గొంతులు.
వాళ్లమ్మ గురించి ఏదో చెప్తున్నాడు
చెయ్యి గుండె దాకా వచ్చి
గళ్లు గళ్లుగా పగిలి నిలబడిపోయింది.
మళ్లీ కదిలేసరికి మాట అయిపోయింది.
అమ్మ తిన్నదా, పడిందా,
ఆ రెండిటి మధ్య ఆమె ముఖం కూడా ఆగిపోయింది.
ఆమెది నెట్ వల్ల కాదు.

మీటరు పెట్టి చూసినా. మైనస్ పద్దెనిమిది.
అన్నీ పచ్చ లైట్లే.
మా కంపెనీ సినిమా యాప్ తెరిస్తే
హీరో గాల్లో ఎగురుతున్నాడు
చెమట బొట్టు బొట్టూ లెక్కపెట్టొచ్చు.

అంటే తెగింది నా తీగ కాదు.

ఆఫీసులో శ్రేయస్ సార్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పినాడు:
"అది చిన్న యాప్ కదా, వాళ్లు మనతో ఒప్పందానికి రాలేదు."
రూలుందంటారే సార్?
"రూలు జోలికి ఎవరు పోయినారు? ఇది రద్దీ సర్దుబాటు.
ఆమెకు స్పెషల్ ప్యాక్ అమ్ము. నీకు నలభై."

మా అవ్వ ఒక సామెత చెప్పేది,
సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని.
బండి ఆపి మూటలు లెక్కేసేవాడికి
ఇంట్లో పెండ్లయితే ఏమి, పీనుగైతే ఏమి.
బండ్లతో పాటే పోయిందనుకున్నా ఆ మాట.
మా ఆఫీసుండే పేట సుంకదకట్టె.
పన్నెండేళ్లుగా బస్సు బోర్డు మీద చదువుతున్నా,
సుంకం అరుగు అని ఆ రోజే వినపడింది.
అవ్వ కాలం సుంకరికి మూట బరువు చాలు.
ఈయన మూట ఎవరిదని అడుగుతాడు,
కట్టనోడిది కాదనడు,
నిదానంగా పోనిస్తాడు.

మళ్లీ పోయినా. బల్బు వెలిగింది.
ప్యాక్ కాగితం చేతికిచ్చినా.
ఇయ్యకుండా వచ్చేసినా అని రాస్తే బాగుండు,
నవంబరు ఫీజు కట్టాల.
ఆమె చివరిదాకా చదివి, నా వైపు చూసి
బొటనవేలూ చూపుడువేలూ
ఒకదానికొకటి రుద్దింది.

ఆ సైగ నాకు తెలుసు.
అదొక్కటే
ఎక్కడా ఆగకుండా, పగలకుండా చేరింది.

మెట్లు దిగేలోపే జేబులో ఫోన్ అదిరింది.
నలభై.
కింద కానుగ కొమ్మకు మా తీగ
వానకు తడిసి, ఎవరిదేమిటో అడక్కుండా
ఊగుతా ఉంది.